ఘోషమ్మ భోజనం

నంద్యాల,
28 జూన్ 2024

మామకు, అత్తకు ఇందు నమస్కారాలు.

కాలు విరిగింది గానీ నోరు బాగానే ఉంది, కాబట్టి కంగారు పడొద్దు. కాలేజీ పిల్లల్ని మహానంది వైపు అడవికి తీసుకుపోయి, రాళ్ళ మీద జారి పడ్డాను. మోకాలి కింద రెండు చోట్ల విరిగితే ఆపరేషన్ చేసి లోపల కమ్మీ వేశారు. మూడు నాలుగు నెలలు ఆ కాలు నేలకు ఆనించకూడదట. అమ్మ నన్ను మంచం దిగనివ్వడం లేదు. ఫోన్ చేస్తే నీకు వినపడదు మామా, చెవి మెషిన్ పెట్టుకోమంటే అది ఈల వేస్తుందని పెట్టుకోవు. అందుకే కాగితం పట్టుకున్నాను.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం తెచ్చిన కారులోనే ఒక అద్దం తొట్టె వస్తుంది. అందులో అడుగున్నర లోతు మట్టి, మట్టిలో ఒక బొరియ, బొరియలో నా సాలీడు ఉన్నాయి. మన గోడల మీద గూడు అల్లే రకం కాదు. అరచేయంత ఉంటుంది, ఒళ్ళంతా నూగు. నాలుగేళ్ళ కిందట మా కాలేజీ కొత్త బిల్డింగుకు పునాది తవ్వుతుంటే జేసీబీ పంటికి దాని ఇల్లు కూలిపోయింది. తెచ్చి పెంచుకుంటున్నాను. ఎప్పుడు చూసినా బొరియలోనే ఉంటుంది. నెలకు ఒకసారి రెండు కాళ్ళు కనిపిస్తే అదే దర్శనం. మా ఇంటి ఓనరమ్మకు ఇన్నాళ్ళూ అది చేపల తొట్టె అనీ, చేపలు ఇంకా కొనలేదనీ చెప్పాను. నన్ను పరామర్శించడానికి వచ్చి ఆమె తొట్టెలోకి తొంగిచూడటం, సరిగ్గా అప్పుడే అది కాళ్ళు బయట పెట్టడం జరిగిపోయాయి. ఇల్లు ఖాళీ చేస్తావా, దాన్ని పారేస్తావా అని కూర్చుంది.

తొట్టెతో పాటు ఒక నోట్‌బుక్ కూడా పంపుతున్నాను. నాలుగేళ్ళుగా ఒక్క రోజు తప్పకుండా రాశాను. ఆ రోజు బొరియ తలుపు తెరిచి ఉందా, మూసి ఉందా, ఏం తింది, మట్టి ఎంత బయట వేసింది, అన్నీ ఉంటాయి. అక్టోబరు 21న నా పీహెచ్‌డీ సీటుకు ఇంటర్వ్యూ. నా మార్కులు అంతంత మాత్రమని నీకు తెలుసు. వాళ్ళ ముందు పెట్టడానికి నాకున్నది ఈ పుస్తకం ఒక్కటే. దయచేసి రోజూ రాయి మామా.

వారానికి ఒక కీచురాయి చాలు దానికి. చిల్లుల డబ్బాలో ముప్పై పంపుతున్నాను. తొట్టె మూతకు చిన్న కిటికీ ఉంది, అందులోంచి ఒకదాన్ని వదిలి మళ్ళీ మూసెయ్యి. ఒక మూల మట్టి తడి ఆరనీయొద్దు. చెయ్యి లోపల పెట్టొద్దు, కరిస్తే ప్రాణం పోదు గానీ రెండు రోజులు ఏడుస్తావు. బొరియను మాత్రం ఎప్పుడూ తవ్వొద్దు. అత్తకు ఏం చెప్పుకుంటావో నువ్వే చెప్పుకో.

నీ మేనకోడలు
ఇందుమతి

*

ఆళ్ళగడ్డ,
7 జులై 2024

చిరంజీవి ఇందును మామ దీవించి రాస్తున్నాడు.

అరవై ఆరేళ్ళ వయసులో సాలీడుకు సంరక్షకుణ్ణి అవుతానని నా జాతకం రాసిన అయ్యవారు కూడా చెప్పలేదు. తొట్టెను గోడౌన్‌లో, బెల్లం దిమ్మెలకూ బొరుగుల మూటలకూ మధ్య పెట్టించాను. కిటికీ లేని గది కాబట్టి చల్లగా ఉంటుంది, పట్టపగలు కూడా చీకటే. మీ అత్త రంగనాయకమ్మ గడప ఇవతలే నిలబడి, "మీ చెల్లెలి కూతురు అందరి మాదిరి చిలకనో కుక్కనో సాకకూడదా? అది ఈడ ఉన్నన్నాళ్ళూ నేను గోడౌన్‌లో అడుగుపెట్టను, సూసుకోండి" అని శపథం చేసింది. అన్నంత పనీ చేస్తోంది. పప్పులూ చింతపండూ నేనే మోసుకొచ్చి వంటింట్లో ఇస్తున్నాను.

నాలుగేళ్ళు సాకి ఒక పేరన్నా పెట్టలేదేమి? ఎవరికీ మొహం చూపించదు కాబట్టి నేను ఘోషమ్మ అని పెట్టాను. పొద్దున షాపు తెరవగానే మొదట ఘోషమ్మను పలకరించడం, పుస్తకం రాయడం, తర్వాతే అగరబత్తి. నా దస్తూరి నీ దస్తూరి కంటే బాగుందని నీకే తెలుస్తుంది.

నువ్వు పంపిన డబ్బా మొదటి రోజే ఖాళీ అయింది. భోజనం సంగతి నువ్వు అడగొద్దు. మన ఇంటికి వచ్చినవాళ్ళు ఆకలితో ఉన్నది ఎప్పుడూ లేదు.

పక్కన విగ్రహాలు చెక్కే కరుణాకర్ వచ్చి అరగంట సేపు బొరియకేసి చూసి, "ఏందన్నా, రంధ్రాన్ని సాకుతాండావా?" అన్నాడు. నేను ఊరుకుంటానా? "నీ రాయిలో దేవుడు నీకొక్కనికే కనపడతాడు గదప్పా, ఇదీ అంతే" అన్నాను.

కాలు జాగ్రత్త. మీ అమ్మ మాట విను.

మామ
జనార్దనం

*

నంద్యాల,
12 జులై 2024

మామా,

ముప్పై కీచురాళ్ళూ ఒక్క రోజులోనా? నీకు ప్రేమ ఎక్కువైతే ఎదుటివాళ్ళు పడే పాట్లు నాకు తెలియనివి కావు. చిన్నప్పుడు మీ ఇంటికి వస్తే ఓళిగలు ఎన్ని తిన్నా ఇంకొకటి వేసేవాడివి. దాని కడుపు పలచటి సంచి, ఎక్కువ తింటే పగిలి చచ్చిపోతుంది. ఇంక నెల రోజులు ఏమీ పెట్టొద్దు, దానికేం కాదు.

ఘోషమ్మ పేరు మాత్రం అదిరింది. అమ్మ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. నీకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. దానికి చెవులు లేవు. ఎనిమిది కళ్ళున్నా చూపు అంతంత మాత్రం. నేల అదురును కాళ్ళ మీది నూగుతో పసిగడుతుంది. వినపడకపోయినా షాపులో ఎవరు ఎటు కదిలారో నీకు తెలిసిపోతుంది చూడు, అలాగన్నమాట.

మంచం మీద పడుకుంటే పాతవన్నీ గుర్తొస్తున్నాయి. నాన్న పోయాక నువ్వు నన్ను బీకాం చదివి షాపులో కూర్చోమన్నావు. నేను జువాలజీ అన్నాను. "పురుగుల చదువు మనకెందుకే" అని మూడు రోజులు అలిగావు. నాలుగో రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చి నువ్వే కాలేజీలో చేర్చావు. ఆ సీటు వస్తే నువ్వు మళ్ళీ ఆ చొక్కా వేసుకొని నాతో రావాలి.

ఇందు

*

ఆళ్ళగడ్డ,
4 ఆగస్టు 2024

చిరంజీవి ఇందుకు,

కూర్చొనే చదువు, సంతోషంతో లేచి గంతులేసి ఇంకో కాలు విరగ్గొట్టుకోవద్దు. నీ దగ్గర ఒక సంగతి దాచాను. ఇప్పుడు చెప్పే వేళ వచ్చింది.

నువ్వు పంపిన కీచురాళ్ళను నేను ఘోషమ్మకు పెట్టలేదు. మన ఇంట్లో నాలుగు తరాలుగా కోడిగుడ్డు కూడా పగలలేదు. ప్రాణమున్నదాన్ని నా చేత్తో పట్టుకొని ఇంకో ప్రాణి నోట్లో వెయ్యడానికి చెయ్యి రాలేదు. డబ్బా మూత తీసి, గోడౌన్ వెనక వాకిలి దగ్గర పెట్టి, పోయి బతకండి అని వదిలేశాను. మరి ఈమెను పస్తు పెట్టలేను గదా. ఒక కొబ్బరి చిప్పకు మూడు చిల్లులు పెట్టి, తక్కెడ పళ్ళెం మాదిరి పొట్లాలు కట్టే పురికొస కట్టాను. చిప్పలో నానబెట్టిన నూకలూ, తురిమిన బెల్లమూ పెట్టి మూత కిటికీలోంచి దింపాను. కిటికీ సందులోంచి పురికొస బయటికి వేలాడుతుంది కాబట్టి చెయ్యి పెట్టే పని లేదు, లాగితే వచ్చేస్తుంది.

మొదటి రోజు సగం తగ్గింది. మూడో రోజుకు చిప్ప నాకినట్టుంది. నువ్వు నెల రోజులు పెట్టొద్దన్నావు, నా మనసొప్పలేదు. ఇప్పటికి నెల దాటింది. మొన్న ఒక్క క్షణం బొరియ వాకిట్లో వెనక్కి తిరిగితే చూశాను, పొట్ట పెద్ద ఉసిరికాయంత నున్నగా ఉంది. ఇందూ, ఘోషమ్మ శాకాహారి అయింది! మన ఇంట్లో అడుగుపెట్టి మన ఆచారం పట్టింది.

బజారంతా ఇదే మాట. దొర్నిపాడు నుంచి కూడా వచ్చి చూసిపోతున్నారు. కనపడేది రంధ్రమే అయినా చేతులు కట్టుకొని నిలబడుతున్నారు. మీ అత్త మనసు కూడా కరిగి, ఏకాదశి నాడు అరటిపండు ముక్కలు పంపింది. తను రాలేదులే. పుస్తకంలో రోజూ "ఆహారం: బెల్లం, నూకలు. పూర్తిగా తిన్నది" అని రాస్తున్నాను. నువ్వు ఆ ఇంటర్వ్యూలో ఈ మాట చెప్పు, వాళ్ళు కుర్చీల్లోంచి లేచి నిలబడకపోతే నా పేరు మార్చుకుంటాను.

మామ

*

నంద్యాల,
8 ఆగస్టు 2024

మామా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించేశాను. మూడోసారి కూడా కోపం తగ్గలేదు, అలాగే పంపుతున్నాను.

సాలీడు బెల్లం తినదు. నూకలు తినదు. నమలడానికి దానికి నోరే లేదు. పట్టిన పురుగును మెత్తగా చేసి ఆ రసం పీలుస్తుంది, అంతే. నీ చిప్ప ఖాళీ చేసింది చీమలో బొద్దింకలో అయ్యుంటాయి. చీమలు బొరియలోకి దిగితే దాన్ని బతికుండగానే పీక్కుతింటాయి. నీ ఆచారం నిలవడానికి నా ప్రాణిని నెల రోజులు పస్తు పెట్టావు.

అంతకంటే పెద్ద తప్పు పుస్తకంలో చేశావు. అది బెల్లం తింటుంటే నువ్వు చూశావా? చూడలేదు. చిప్ప ఖాళీ కావడం చూశావు. చూసింది రాయాలి గానీ అనుకున్నది రాయకూడదు. నాలుగేళ్ళలో నేను చూడనిది ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు నీ పేజీలు చూస్తే మిగతావి కూడా ఇలాంటివేనని అనుకోరా? ఈ సీటు పోతే నాకు మళ్ళీ అవకాశం లేదు, వచ్చే ఏడు వయసు దాటిపోతుంది.

ఇప్పుడే ఆ చిప్ప తీసెయ్యి.

ఇందు

*

ఆళ్ళగడ్డ,
22 ఆగస్టు 2024

కుమారి ఇందుమతికి జనార్దనం వ్రాయునది.

నీ జాబు 11వ తేదీన చేరినది. అదే రోజు సాయంత్రం చిప్ప తొలగించడమైనది. చీమలు లేవు. నలభై ఏళ్ళుగా ఈ అంగట్లో కూర్చున్నాను. తూకంలో గానీ మాటలో గానీ తేడా ఉందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆ మాట ఇంటి ఆడపిల్ల నోట వినాల్సి వచ్చినది.

19వ తేదీ నుంచి ఘోషమ్మ కూడా తలుపు మూసుకుంది. మట్టీ దారమూ కలిపి లోపలి నుంచి గట్టిగా బిగించింది. ఇది నేను కళ్ళతో చూసినదే. పుస్తకంలో రాశాను.

ఇట్లు
జనార్దనం

*

నంద్యాల,
27 ఆగస్టు 2024

మామా,

ఆ "వ్రాయునది" చూసి నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది. నిన్ను అబద్ధాలకోరు అనలేదు మామా. నువ్వు నమ్మి రాశావని నాకు తెలుసు. కోపంలో మాట జారాను, ఆ జారిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ పేజీలు తప్పు, ఆ సంగతి వెనక్కి తీసుకోలేను.

తలుపు మూసుకుందంటే పాత చర్మం విడవబోతోందని అర్థం. అప్పుడు దానికి చాలా సత్తువ కావాలి. కడుపులో ఏమీ లేకపోతే సగంలో ఇరుక్కొని లోపలే చచ్చిపోతుంది. నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. తవ్వి చూడాలని నీకు అనిపిస్తుంది, తవ్వొద్దు.

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఇంటర్వ్యూలో జూన్ దాకా ఉన్నది చూపిస్తాను. తర్వాతి పేజీలు చించేస్తాను. ఎందుకు ఆగిందని అడిగితే కాలు విరిగిందని చెబుతాను, అది నిజమే గదా. అక్టోబరు పదో తేదీ లోపల పుస్తకం పంపించు. నువ్వు పడ్డ శ్రమకు ఇలా రాయాల్సి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఇందు

*

ఆళ్ళగడ్డ,
10 అక్టోబరు 2024

ఇందూ,

పుస్తకం ఈ ఉత్తరంతోనే వస్తోంది. చించే ముందు ఇది చదువు.

అహోబిలం ఎగువన గూడెంలో ఉండే బయ్యన్న నీకు గుర్తుండే ఉంటాడు. తేనె, కుంకుడుకాయలు, చీపుళ్ళు తెస్తాడు. ముప్పై ఏళ్ళ నుంచి మన అంగడికి వస్తున్నాడు. సెప్టెంబరు 20న కుంకుడుకాయల మూట దింపడానికి గోడౌన్‌లోకి పోయినవాడు ఎంతకీ బయటికి రాలేదు. పోయి చూస్తే చీకట్లో కదలకుండా నిలబడి ఉన్నాడు. అతని గొంతు పెద్దది, మెషిన్ లేకుండానే నాకు వినపడుతుంది. "ఏందప్పా, పట్టపగలు నీ గోడౌన్‌లో కీచురాళ్ళు ఇంత గోల చేస్తాండాయి?" అన్నాడు.

నా నెత్తిన చన్నీళ్ళు పోసినట్టయింది. నాకు వినపడదు. మీ అత్త లోపలికి రాదు. చూడ్డానికి వచ్చిన జనం మాట్లాడుకుంటూ వస్తే ఆ అడుగుల చప్పుడుకు అవి నోరు మూసుకుంటాయట. బయ్యన్న నడిస్తే చప్పుడుండదు. నేను దయదలిచి వదిలిన ముప్పై మందీ వాకిలి దాటి పోనేలేదు, ఇందూ. బొరుగుల మూటల కింద కాపురం పెట్టి పిల్లాపాపలతో చల్లగా ఉన్నారు.

తొట్టె చూపించి కథంతా చెప్పాను. అతను మూత కిటికీ చూశాడు. నేను పారేయకుండా ఉంచిన చిప్పనూ పురికొసనూ చూశాడు. బొరియ వాకిట్లో నేను నూకల పొట్టు అనుకున్నవాటిని వేలితో చూపించి, "ఇదో, కీచురాయి కాలు. ఇదో, రెక్క. ఈ దారం పట్టుకోని బెల్లం కోసం దిగినాయి. బెల్లం తినింది అవి, వాటిని తినింది ఇది. నువ్వు కూడు పెట్టి పిలిచినావు గదప్పా" అన్నాడు.

అంటే ఘోషమ్మ పస్తు లేదు. ముందు ఆ సంతోషం. ఆ వెనకే సిగ్గు. ఊరంతా చాటుకున్న మాట అంతా ఉత్తదేనని తేలిపోయింది.

చచ్చిపోయిందేమోనని అడిగాను. మూత దగ్గర వాసన చూసి, "చచ్చుంటే ఈపాటికి తెలుస్తాండె. చొక్కా మార్చుకుంటాంది. తెరుస్తాది, కూసోని చూడు. ఊరికే వచ్చి తొంగిచూసి పోతే ఏం కనపడతాది? కాలు కదిలించొద్దు, దాని మీద ఊపిరి పడనీయొద్దు, దీపం పెట్టొద్దు. గోడౌన్ తలుపు వేలంత సందు తెరుచుకో, చాలు" అన్నాడు. ఎట్లా కూర్చోవాలో అతనే కూర్చొని చూపించాడు. ముప్పై ఏళ్ళలో అతణ్ణి నేను ఎన్నడూ కూర్చోమనలేదు. మెట్టు దగ్గరే నిలబెట్టి సరుకు తీసుకొని పంపించేవాణ్ణి. ఆ మధ్యాహ్నం ఇద్దరం బొరుగుల మూటల మీద పక్కపక్కనే రెండు గంటలు కూర్చున్నాం. ఇది రాయడానికి మొహం చెల్లడం లేదు, కానీ చూసింది రాయమన్నావు.

మర్నాటి నుంచి షాపు మీ అత్తకు అప్పజెప్పి రోజూ మధ్యాహ్నం కూర్చున్నాను. ఆరు రోజులు ఏమీ లేదు, "ఏమీ చూడలేదు" అనే రాశాను. సెప్టెంబరు 27, మూడు గంటల పది నిమిషాలకు బొరియ తలుపు కదిలింది. మట్టిని దారంతో చిన్న చిన్న ఉండలు చుట్టి, ఒక్కొక్కటే ముందుకాళ్ళతో పట్టుకొచ్చి బయట పెట్టింది. పదకొండు ఉండలు. తర్వాత లోపలి నుంచి ఎనిమిది కాళ్ళూ ముడుచుకొని ఉన్న దాని శవం బయటికి వచ్చింది. అంతా అయిపోయిందనుకున్నాను. చూస్తే ఆ శవాన్ని వెనక నుంచి రెండు కొత్త కాళ్ళు తోస్తున్నాయి! నల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. వాకిట్లో పడింది ఉత్త చర్మం. భద్రంగా పొట్లం కట్టి పుస్తకంతో పంపుతున్నాను.

అక్టోబరు 6న చిప్పలో బెల్లం పెట్టి మళ్ళీ దింపాను. ఈసారి తెలిసే పెట్టాను. "నేను బెల్లమే గదా పెడుతున్నది" అని మీ అత్త దగ్గర నసిగితే, "ఊరికే మాటలెందుకు? పురుగును పెట్టినట్టే" అంది. అవును, పెట్టినట్టే. నాలుగు తరాల్లో మొదటివాణ్ణి నేనే. నాలుగున్నరకు ఒక కీచురాయి పురికొస మీదుగా దిగింది. చిప్ప అంచు మీద మీసాలు ఊపుతూ నిలబడింది. ఇందూ, ఆ తర్వాత జరిగింది రెప్పపాటు పని. బొరియ అంతా ఒక్కసారిగా బయటికి దూకినట్టయింది, మళ్ళీ చూస్తే కీచురాయి లేదు. నేను "శభాష్" అని అరిచాను. మీ అత్త ఏమైందోనని పరుగున వచ్చి, గడప దగ్గర శపథం గుర్తొచ్చి ఆగింది.

జులై 2 నుంచి ఆగస్టు 11 దాకా "బెల్లం తిన్నది" అని రాసిన ప్రతి వరుసనూ ఒక్క గీతతో కొట్టేశాను. కింద ఉన్నది చదవడానికి వస్తుంది, దాచలేదు. పక్కన "చూడలేదు, అనుకున్నాను" అని రాసి సంతకం చేశాను. నలభై ఒక్క సంతకాలు. బజార్లో కూడా నిలబడి చెప్పాను, నాది తప్పు, ఘోషమ్మ మాంసాహారే అని. కరుణాకర్ పగలబడి నవ్వాడు. నవ్వనీ.

ఇక చించడమో ఉంచడమో నీ ఇష్టం. నువ్వేం చేసినా నేను అలగను.

మామ

*

నంద్యాల,
24 అక్టోబరు 2024

మామా,

ముందు ఫలితం చెబుతాను, లేకపోతే నువ్వు ఉత్తరం చివరికి దూకుతావు. నిన్న లిస్టు పెట్టారు. నా పేరు రెండోది. సీటు వచ్చింది.

పుస్తకం అందిన రోజు కత్తెర పట్టుకొని కూర్చున్నాను. నీ గీతలు ఒక్కొక్కటే చూశాను. నలభై ఒక్కసారి తప్పొప్పుకున్న మనిషి పేజీలను చించడానికి నాకు చెయ్యి రాలేదు. పోతే పోనీ అనుకొని, ఊతకర్రలతో, అమ్మతో, పూర్తి పుస్తకంతోనే పోయాను.

నలుగురు కూర్చున్నారు. మొదటి మూడేళ్ళు గబగబా తిప్పేశారు. జులై దగ్గర ఆగి, ఈ కొట్టివేతలు ఏమిటన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను, బెల్లం, పురికొస, నీ చెవులు, అన్నీ. ఒకాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు, నవ్వు ఆగక. వాళ్ళల్లో పెద్దాయన మాత్రం నవ్వలేదు. సెప్టెంబరు 27 పేజీని పైకి చదివాడు, పదకొండు ఉండల దాకా. చదివి, "మూడు గంటల పది నిమిషాలు. ఇది చూసిందెవరు?" అన్నాడు. "మా మామ. ఆళ్ళగడ్డలో కిరాణా అంగడి" అన్నాను. "మీరు నాలుగేళ్ళలో ఎప్పుడన్నా చూశారా?" అన్నాడు. లేదన్నాను. నిజం మామా, నేను చూడలేదు. పొద్దున కాలేజీకి పోయేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి తొంగిచూసి రాసుకున్నాను. తలుపు ఎప్పుడు తెరిచిందో, చర్మం ఎప్పుడు తోసిందో నాకు దొరకలేదు. కూర్చోవాలని తోచలేదు. చూడనిది రాశావని నీకు నీతులు చెప్పాను గానీ, నేను సరిగ్గా చూడనే లేదు.

ఆ పేజీని ఒక చిన్న వ్యాసంగా రాసి అచ్చుకు పంపమన్నారు. కాగితం జత చేస్తున్నాను, పైన ఏముందో చూడు. "చూసి నమోదు చేసినది: జనార్దనం, కిరాణా వర్తకులు, ఆళ్ళగడ్డ." కింద సంతకం పెట్టి పంపించు. జీవితంలో ఇంత గర్వంగా నేను ఏ వాక్యమూ రాయలేదు.

నీ ఇందు

*

ఆళ్ళగడ్డ,
30 అక్టోబరు 2024

బంగారు తల్లి ఇందుకు,

నీ ఉత్తరం షాపులోనే చదివాను. తూకం వేస్తున్న కందిపప్పు అట్లాగే వదిలేసి మీ అత్తను పిలిచి, "మన ఇందుకు సీటొచ్చిందే" అని అరిచాను. నా అరుపు నాకే వినపడిందంటే చూసుకో. మీ నాన్న ఉండి ఉంటే ఎంత పొంగిపోయేవాడో. ఇస్త్రీ చొక్కా సిద్ధంగా ఉంది, నిన్ను చేర్చే రోజు చెప్పు.

నువ్వు పంపిన కాగితం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అచ్చులో నా పేరు, పక్కన ఆళ్ళగడ్డ. మా నాయనకు గానీ మా తాతకు గానీ దక్కనిది. కానీ సంతకం పెట్టలేదు. తిరిగి పంపుతున్నాను.

కూర్చున్నది నేనే, రాసింది నేనే, ఒప్పుకుంటాను. ఎట్లా కూర్చోవాలో చెప్పింది బయ్యన్న. అది బతికుందని చెప్పిందీ, తెరుస్తుందని చెప్పిందీ అతనే. ఆ రోజు అతను గోడౌన్‌లోకి రాకపోయి ఉంటే నేను ఇప్పటికీ బజార్లో బెల్లం కథ చెప్పుకుంటూ ఉండేవాణ్ణి. నువ్వు ఆ పేజీలు చించేసి ఉండేదానివి. అతని మాట పుస్తకంలో ఎక్కడా రాయలేదని నీ కాగితం చదువుతుంటే గుర్తొచ్చింది. తేదీ రాశాను, గంట రాశాను, కుంకుడుకాయలు కూడా రాశాను, మనిషి పేరు రాయలేదు. బెల్లం తప్పు కంటే ఇది పెద్దది. అది అనుకొని రాశాను, ఇది చూసి కూడా వదిలేశాను.

సోమవారం బయ్యన్న తేనె తెచ్చాడు. లోపలికి పిలిచి కుర్చీ వేసి సంగతి చెప్పాను. "నా పేరెందుకప్పా? నేను కూసున్నది ఒక్క పూటే గదా" అన్నాడు. అయినా ఉండాల్సిందేనన్నాను. లేచి పోయేటప్పుడు మెట్టు మీద ఆగి, "అట్లయితే అచ్చయినంక ఒక కాగితం నాకియ్యి. మా మనవరాలు రజిని హాస్టల్లో తొమ్మిది చదువుతాంది. వాళ్ళ జేజినాయన పేరు ఆ పాపతో చదివించుకుంటా" అన్నాడు. తలెత్తుకొని పోయాడు. నేను అతని వెనకనే నాలుగు రోడ్ల దాకా నడిచాను, ఎందుకో నాకే తెలియదు.

కాబట్టి మార్చి రాయి. "చూసినవారు: బయ్యన్న, నల్లమల, జనార్దనం, ఆళ్ళగడ్డ." అతని పేరే ముందు. కొత్త కాగితం వచ్చేదాకా ఈ సంగతి బజార్లో ఒక్కరికీ చెప్పను, కరుణాకర్‌కు కూడా. నా కడుపు ఎట్లా ఉబ్బిపోతోందో ఆ దేవుడికే తెలుసు. తొందరగా పంపు తల్లీ. అది వచ్చిన రోజు చూడు, ఈ ఆళ్ళగడ్డలో నేను చూపించని మనిషంటూ మిగలడు.

మామ
జనార్దనం